పంప్ యాక్షన్ షాట్‌గన్‌కు నూనె ఎక్కడ, ఎంత: ప్రాజెక్టు డైరీ

ఫోరెండ్ (తూటా మార్చడానికి ముందుకీ వెనక్కీ జరిపే ముందరి పిడి) బిగుతుగా నడుస్తోందని చేతికి తెలుస్తుంది గానీ, ఎంత బిగుతో చెయ్యి చెప్పలేదు. కందెన మార్చాక నిజంగా తేడా వచ్చిందా, లేక కొత్త నూనె పెట్టామన్న తృప్తే తేడాలా అనిపిస్తోందా అన్నది తేలాలంటే ముందు ఒక అంకె చేతిలో ఉండాలి. అందుకని ఈ డైరీ కొలతతో మొదలవుతుంది. ఇదే పని చేయదలచినవారు నా కొలతలను కాకుండా కొలిచే పద్ధతిని తీసుకుంటే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఒక్కో తుపాకీ అరుగుదల ఒక్కో తీరుగా ఉంటుంది.

తుపాకీ రెమింగ్టన్ 870 వింగ్‌మాస్టర్, 12 గేజ్, 28 అంగుళాల బ్యారెల్, ఉక్కు రిసీవర్ (కదిలే భాగాలన్నీ కూర్చునే పెట్టె), వాల్‌నట్ చెక్క స్టాక్ (భుజానికి ఆనించే వెనుక భాగం). మిన్నెసోటాలో పాత సరుకుగా కొన్నది. ఈ మోడల్ 1950లో వచ్చింది, 2009 నాటికి కోటి తుపాకులు తయారయ్యాయి, కాబట్టి విడిభాగాలకూ సలహాలకూ కొరత లేదు. సలహాలలో సగం మాత్రం ఒకదానికొకటి పొసగవు: నూనె కారుతూ ఉండాలనేవారు కొందరు, అసలు పొడిగా ఉంచాలనేవారు కొందరు. ఈ పని పెట్టుకోవడానికి కారణం అదే.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఒక్క మాట. హెచ్-1బీ వంటి వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. కొనే ముందు ఆ సంగతి చూసుకోవాలి.

దశ 1: ఖాళీ చేయడం, విప్పడం, మొదటి కొలత

పనిముట్లు: ఇత్తడి పంచ్, ప్లాస్టిక్ సుత్తి, నైలాన్ బ్రష్‌లు, నూలు గుడ్డ పీలికలు, దూది పుల్లలు, సాల్వెంట్, మొద్దు సూది ఉన్న 1 మి.లీ. సిరంజి, సూట్‌కేసులు తూచే డిజిటల్ కొక్కెం త్రాసు.

1. తూటాలన్నింటినీ వేరే గదిలో పెట్టి తాళం వేయాలి. పని జరిగే బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు.
2. సేఫ్టీ వేసి, బ్యారెల్‌ను ప్రమాదం లేని దిక్కుకు తిప్పి, ఫోరెండ్‌ను పూర్తిగా వెనక్కి లాగాలి.
3. చాంబర్‌ను (పేలబోయే తూటా కూర్చునే చోటును) కంటితో చూడాలి, చిటికెన వేలితో తడమాలి. బ్యారెల్ కింద తూటాలుండే మ్యాగజైన్ గొట్టం మూతి దగ్గర, తూటాలను నెట్టే ఫాలోయర్ కనబడుతోందో లేదో చూడాలి. కనబడితేనే గొట్టం ఖాళీ.
4. రెండు ట్రిగ్గర్ ప్లేట్ పిన్నులను పంచ్‌తో బయటికి తోసి, ట్రిగ్గర్ భాగాన్ని వెనుక అంచు పట్టుకుని కిందికి తీయాలి. బయటికి వచ్చిన ట్రిగ్గర్ భాగంలో హ్యామర్‌ను (ఫైరింగ్ పిన్‌ను కొట్టే సుత్తిని) వదలకూడదు, ముందున్న భాగాలకు అది గట్టిగా తగిలి దెబ్బతీస్తుంది.
5. పిన్నులు తీశాక రిసీవర్ లోపలి రెండు షెల్ లాచ్‌లు (గొట్టంలోని తూటాలను ఆపే పట్టీలు) వదులుగా కదులుతున్నాయేమో చూడాలి. కదిలితే నూనె సంగతి పక్కనపెట్టి తుపాకీని గన్‌స్మిత్‌కు చూపించాలి.

ఇక్కడ ఆగి కొలత తీసుకోవాలి. ట్రిగ్గర్ భాగం ఉండగా కొలిస్తే హ్యామర్ స్ప్రింగును వెనక్కి నెట్టే బలం కూడా అంకెలో కలిసిపోతుంది, అప్పుడు కొలిచేది రాపిడిని కాదు. తుపాకీని మెత్తని దవడల పట్టులో అడ్డంగా బిగించి, బోల్ట్ (చాంబర్‌ను వెనుక నుంచి మూసే ఉక్కు దిమ్మ) మూసి, త్రాసు కొక్కేన్ని ఫోరెండ్‌కు ఒక పట్టీతో తగిలించి, నేరుగా వెనక్కి నెమ్మదిగా లాగుతూ కదలిక మొదలయ్యే క్షణంలో ఉన్న అంకెను రాసుకోవాలి. కొన్నిసార్లు లాగి మధ్యస్థంగా వచ్చిన అంకెను తీసుకుంటే చాలు.

కొన్ననాటి స్థితిలో, 21 డిగ్రీల సెల్సియస్ వద్ద: 1.9 కిలోలు.

మిగతా విప్పదీత ఆ తర్వాత. మ్యాగజైన్ మూత మర తిప్పి బ్యారెల్‌ను ముందుకు లాగాలి. ఎడమ షెల్ లాచ్‌ను వేలితో లోపలికి నొక్కి పట్టి ఫోరెండ్‌ను ముందుకు లాగితే, యాక్షన్ బార్ల (ఫోరెండ్ నుంచి వెనక్కి వెళ్లే రెండు కడ్డీల) మీద కూర్చున్న బోల్ట్, దాని కింది స్లైడ్ కలిసి వచ్చేస్తాయి. కుడి లాచ్ దగ్గర తట్టుకుంటే దాన్నీ నొక్కాలి, బలం ఉపయోగించకూడదు.

ఇప్పటివరకు ఖర్చు: 42 డాలర్లు. ఇప్పటివరకు పెట్టిన నూనె: సున్నా.

దశ 2: పాత జిడ్డు

రిసీవర్ గాడుల్లో కనబడింది నూనె కాదు, నూనె ఆరి గట్టిపడిన గోధుమరంగు పొర. గోటితో గీస్తే గీత పడదు, గుడ్డతో తుడిస్తే గుడ్డకు ఏమీ అంటదు. పాత యజమాని పాత నూనె తీయకుండా దాని మీదే ఏళ్ల తరబడి కొత్త నూనె పెడుతూ వచ్చినట్టున్నాడు. తేలిక భాగం ఎగిరిపోయి చిక్కటి భాగం మిగిలితే, అందులో కార్బన్ మసి, ధూళి కలిస్తే ఇలాంటి పొరే ఏర్పడుతుంది. దీని మీద ఎంత మంచి కందెన పెట్టినా అది ఇనుము దాకా చేరదు.

సాల్వెంట్‌ను పొర మీద ఇరవై నిమిషాలు నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తోనూ, చివర చెక్కిన మెత్తని కర్రపుల్లతోనూ తీశాను. ఉక్కు గీకుడు పనిముట్లు వాడకపోవడం మంచిది. గాడి అంచు మీద పడిన ఒక్క గీత ఎప్పటికీ ఉండిపోతుంది, దాని కొస యాక్షన్ బార్‌ను గీకుతూనే ఉంటుంది. గది తలుపులు తెరిచి, చేతి తొడుగులు వేసుకుని చేయాలి. తూటాల మసిలో సీసం ఉంటుంది, కాబట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏదీ ముట్టుకోకూడదు.

ఈ దశలో రెండు చోట్ల ఎక్కువసేపు పట్టింది.

మొదటిది ఫైరింగ్ పిన్. బోల్ట్‌లో దాన్ని పట్టి ఉంచే చిన్న పిన్నును తోసి తీస్తే ఫైరింగ్ పిన్, దాని స్ప్రింగు వెనుక నుంచి వస్తాయి. తీయకముందు దాని తోకను వేలితో నొక్కి వదిలితే, వెంటనే వెనక్కి రావలసిన పిన్ను సగంలో ఆగి, నెమ్మదిగా జరిగింది. లోపల అదే గోధుమరంగు పొర. చలిలో ఇది ఇంకా గట్టిపడి దెబ్బను బలహీనం చేస్తుంది, ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకు రగిలే చిన్న గిన్నె) మీద లోతులేని గుంట పడి తూటా పేలదు. పిన్నునూ దాని కన్నాన్నీ సాల్వెంట్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె గుడ్డ ఒక్కసారి తాకించి బిగించాను. ఇప్పుడు వదలగానే టక్కుమని వెనక్కి వస్తోంది.

రెండవది చాంబర్. 12 గేజ్ బ్యారెల్ లోపలి వ్యాసం 0.729 అంగుళం, అంటే 18.5 మి.మీ. చాంబర్ వ్యాసం మాత్రం 20 మి.మీ. పైన ఉంటుంది. కాబట్టి బ్యారెల్ కోసం కొన్న బ్రష్ చాంబర్ గోడలను సరిగా తాకదు. తూటాల ప్లాస్టిక్ గోడల నుంచి వచ్చిన పొర ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. పేల్చిన తూటా బయటికి రాకుండా పట్టేసినప్పుడు చాలామంది యాక్షన్‌కు, అంటే కదిలే భాగాలకు, నూనె తక్కువైందనుకుంటారు, అసలు పట్టు చాంబర్‌లో ఉంటుంది. 10 గేజ్ ఇత్తడి బ్రష్‌ను సాల్వెంట్‌లో ముంచి చాంబర్‌లో మాత్రమే తిప్పితే ఆ పొర బూడిదరంగు పేస్టులా వచ్చింది. చాంబర్‌ను ఆ తర్వాత పొడిగా తుడవాలి. పేల్చే ముందు అక్కడ నూనె ఉండకూడదు.

అన్నీ ఆరబెట్టి, కందెన ఏమీ లేకుండా బిగించి కొలిస్తే: 1.1 కిలోలు.

1.9 నుంచి 1.1కి రావడంలో కొత్త నూనె పాత్ర ఏమీ లేదు. ఈ డైరీ మొత్తంలో అతిపెద్ద లాభం వచ్చింది శుభ్రం చేయడం వల్లనే. పొడి ఉక్కును ఇలా రాత్రంతా వదిలేయకూడదు. కొలత అవగానే పలుచటి నూనె గుడ్డతో అన్ని భాగాలనూ తుడిచి పెట్టాను.

దశ 3: రాపిడి ఎక్కడుందో కనుక్కోవడం

ఎక్కడ మెరిసితే అక్కడ నూనె పెట్టమన్న పాత సూత్రం సరైనదే గానీ, పాత తుపాకీలో మెరుపులన్నీ నేటివి కావు. అందుకని నీలిరంగు మార్కర్‌తో బోల్ట్ పైభాగం, అడుగుభాగం, లాకింగ్ బ్లాక్, రెండు యాక్షన్ బార్లు, ఎజెక్టర్ (పేల్చిన తూటాను బయటికి విసిరే భాగం), షెల్ లాచ్‌లు, మ్యాగజైన్ గొట్టం బయటి వైపు పూసి, ఆరనిచ్చి, బిగించి, ఫోరెండ్‌ను ముప్పైసార్లు నడిపాను. విప్పి చూస్తే సిరా చెరిగిన చోట్లు ఇవి:

1. యాక్షన్ బార్ల బయటి ముఖాలు: రిసీవర్‌లోకి వెళ్లే వెనుక భాగంలో, 4 మి.మీ. వెడల్పున పొడవాటి చారలు.
2. లాకింగ్ బ్లాక్ పైముఖం: అన్నిటికంటే శుభ్రంగా చెరిగింది ఇక్కడే.
3. బోల్ట్ అడుగున స్లైడ్ జారే చోటు.
4. బోల్ట్ పైభాగం: అంచుల దగ్గర సన్నని గీతలు మాత్రమే.
5. మ్యాగజైన్ గొట్టం: ఫోరెండ్ లోపలి గొట్టం రెండు కొసలు తాకే చోట, ఉంగరంలా.

ఎజెక్టర్, షెల్ లాచ్‌ల దగ్గర సిరా దాదాపు అలాగే ఉంది. అంటే చాలామంది స్ప్రే డబ్బాతో రిసీవర్ లోపల తడిపే విస్తీర్ణంలో ఎక్కువ భాగానికి నూనెతో పని లేదు.

లాకింగ్ బ్లాక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 870లో పేలుడు బలాన్ని రిసీవర్ మోయదు. బోల్ట్‌లోంచి పైకి లేచే ఈ బ్లాక్, బ్యారెల్ వెనుక పొడిగింపులో ఉన్న గంటులో కూర్చుని మోస్తుంది. 2¾ అంగుళాల 12 గేజ్ తూటాకు అనుమతించిన గరిష్ఠ సగటు పీడనం చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు. అంత బరువు పడే చోట, అదీ చిన్న కదలికతో గట్టిగా ఒరుసుకునే చోట, పలుచటి నూనె పక్కకు నెట్టుకుపోతుంది. తేలిక బరువుతో పొడవుగా జారే యాక్షన్ బార్లకు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన అవసరం ఉంది. ఒకే కందెనతో రెండు పనులూ చేయించబోతే ఏమవుతుందో తర్వాతి రెండు దశలు చూపించాయి.

దశ 4: అంతటా గ్రీజు (విఫలం)

వాహనాల బేరింగులకు వాడే ఎన్‌ఎల్‌జీఐ (గ్రీజు చిక్కదనపు కొలమానం) 2 గ్రేడు లిథియం గ్రీజును పై ఐదు చోట్లా పలుచగా పూశాను.

21 డిగ్రీల వద్ద: 0.8 కిలోలు. నడక కూడా మెత్తగా, శబ్దం లేకుండా ఉంది. ఇక్కడితో ఆపినవారు ఇదే మంచి పద్ధతి అని చెబుతారు, వేసవిలో అది నిజం కూడా.

తుపాకీని వేడి లేని గరాజ్‌లో రాత్రంతా ఉంచాను. తెల్లవారి సున్నాకు దిగువన 17 డిగ్రీలు.

చలిలో: 2.3 కిలోలు. కొన్ననాటి కంటే అధ్వానం.

అంకె కంటే ముఖ్యమైన వైఫల్యం ఇంకొకటి ఉంది. డమ్మీ తూటాతో మామూలు వేగంతో నడిపితే, ముందుకు వచ్చేటప్పుడు ఫోరెండ్ చివరి సెంటీమీటరు దగ్గర ఆగిపోయింది. బోల్ట్ పూర్తిగా లాక్ కాకపోతే 870 పేలదు, అది భద్రత కోసం ఉన్న ఏర్పాటు. కానీ మిన్నెసోటాలో ఫెజెంట్ అనే పక్షుల వేట సీజను జనవరి 1 దాకా సాగుతుంది, డిసెంబరు చివరి వారాల చలిలో పక్షి లేచినప్పుడు ఈ ఆగిపోవడం ఎదురైతే తుపాకీ ఉండీ లేనట్టే.

గ్రీజు గ్రేడు అంకెను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 2 గ్రేడు అంటే 25 డిగ్రీల వద్ద ప్రామాణిక శంకువు గ్రీజులోకి దిగే లోతు, మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన, 265 నుంచి 295 వరకు ఉంటుందని. 0 గ్రేడుకు అది 355 నుంచి 385. ఈ కొలత గది వేడిమిలో తీసింది, గడ్డకట్టే చలిలో అదే గ్రీజు ఎలా ఉంటుందో ఆ అంకె చెప్పదు. గ్రీజులో ఉన్న మూల నూనె చలికి చిక్కబడితే గ్రేడుతో నిమిత్తం లేకుండా మొత్తం బిగుసుకుంటుంది. కాబట్టి డబ్బా మీద గ్రేడుతో పాటు పని చేసే ఉష్ణోగ్రతల పరిధి కూడా చదివి కొనాలి.

మార్చింది: మొత్తం గ్రీజు సాల్వెంట్‌తో తీసివేత.

ఇప్పటివరకు ఖర్చు: 48 డాలర్లు.

దశ 5: నిండుగా నూనె (ఇదీ విఫలం, వేరే కారణానికి)

చలికి తట్టుకునే పలుచటి సింథటిక్ నూనెను ట్రాప్ (గాలిలోకి విసిరిన మట్టి పళ్లేలను కాల్చే ఆట) మైదానంలో కొందరు పాటించే పద్ధతిలో, అంటే రిసీవర్ లోపల కారేటట్టు పెట్టి చూశాను. సిరంజితో కొలిచి 2.5 మి.లీ.

21 డిగ్రీల వద్ద 0.7 కిలోలు. సున్నాకు దిగువన 17 వద్ద 0.9 కిలోలు. ఈ అంకెలు మాత్రమే చూస్తే వెతికింది దొరికినట్టే.

కానీ ఈ తుపాకీ కొన్నప్పుడే రిసీవర్ వెనుక ముఖాన్ని తాకే చోట వాల్‌నట్ చెక్క నల్లబడి ఉంది. గోటితో నొక్కితే ఆ రెండు మి.మీ. అంచులో గుంట పడేది, పక్కనున్న మంచి చెక్క మీద పడదు. నూనె తాగిన చెక్క మెత్తబడుతుంది, మెత్తబడిన చెక్క ప్రతి పేలుడుకూ నలుగుతుంది, చివరికి చీలుతుంది. నూనె అక్కడికి ఎలా చేరుతోందో చూడాలనుకున్నాను.

1. బట్ ప్లేట్ విప్పి, పొడవాటి స్క్రూడ్రైవర్‌తో లోపలి బోల్టు తీసి స్టాక్‌ను వేరు చేశాను.
2. నగలు తూచే చిన్న త్రాసులో తూచిన కాగితపు తువ్వాలును, 1.82 గ్రాములు, రిసీవర్ వెనుక ముఖానికి మడిచి కట్టాను.
3. అల్మరాలో నిలబెట్టే తీరులోనే, వెనుక భాగం కిందికి ఉండేలా రాత్రంతా నిలబెట్టాను.
4. ఉదయం కాగితం బరువు: 2.64 గ్రాములు.

తేడా 0.82 గ్రాములు. ఈ నూనె సాంద్రతను బట్టి సుమారు 0.95 మి.లీ. పోసినదాంట్లో మూడో వంతుకు పైగా ఒక్క రాత్రిలో చెక్క ఉండవలసిన చోటికి చేరింది. ఊరగాయ జాడీలో తేలేలా పోసే నూనె ముక్కను కాపాడుతుంది గానీ, తుపాకీలో నిలవని నూనె దారి వెతుక్కుని చెక్కలోకి, ట్రిగ్గర్‌లోకి, మ్యాగజైన్ గొట్టంలోకి పోతుంది.

చెక్క సంగతి ఇక్కడే ముగిస్తాను. తెల్ల సుద్ద పొడిని అసిటోన్‌తో కలిపి పేస్టు చేసి, నల్లబడిన చెక్క కొస మీద మాత్రమే మందంగా పట్టించాను. ఆరేకొద్దీ సుద్ద నూనెను పీల్చుకుని గోధుమరంగుకు తిరుగుతుంది. దులిపి, మళ్లీ పట్టించి, సుద్ద తెల్లగానే మిగిలేదాకా చేయాలి. అసిటోన్ స్టాక్ బయటి మెరుపు పూతకు తగిలితే పూత పోతుంది కాబట్టి అంచు చుట్టూ టేపు వేయాలి, దగ్గరలో నిప్పు ఉండకూడదు. రంగు పూర్తిగా పోలేదు గానీ, గోటి గుంట పడటం ఆగింది.

ఇప్పటివరకు ఖర్చు: నూనె 9, చిన్న త్రాసు 14, సుద్ద, అసిటోన్ 12 కలిపి 83 డాలర్లు.

దశ 6: చుక్కల లెక్క

రెండు వైఫల్యాల నుంచి తేలింది ఇది: జారే చోట పలుచటి నూనె, బరువు పడే చోట చలికి ఆగే మెత్తని గ్రీజు, రెండూ కారలేనంత కొద్దిగా. సిరంజి మొద్దు సూది నుంచి 50 చుక్కలు రాల్చితే 1 మి.లీ. వచ్చింది, అంటే చుక్కకు 0.02 మి.లీ. గ్రీజు 0 గ్రేడు సింథటిక్, తక్కువ ఉష్ణోగ్రతల కోసం చేసింది.

1. యాక్షన్ బార్ల బయటి ముఖాలు, ఒక్కోదానికి 1 చుక్క, వేలితో చార పొడవునా సాగదీసి. (మొత్తం 2)
2. రిసీవర్ లోపలి గాడులు, ఒక్కోదానికి 1 చుక్క. (మొత్తం 4)
3. మ్యాగజైన్ గొట్టం బయటి వైపు 2 చుక్కలు, గుడ్డతో చుట్టూ తిప్పి, పట్టుకుంటే తడి తెలియనంత వరకు. (మొత్తం 6)
4. బోల్ట్ అడుగున స్లైడ్ జారే చోట 1 చుక్క. (మొత్తం 7)
5. ఎక్స్‌ట్రాక్టర్ (తూటాను చాంబర్‌లోంచి లాగే కొక్కెం) కదిలే చోట 1 చుక్క, మిగులు దూది పుల్లతో తీసేసి. (మొత్తం 8)
6. లాకింగ్ బ్లాక్ పైముఖానికి బియ్యపు గింజంత గ్రీజు, కనబడీ కనబడకుండా పరచి.

ట్రిగ్గర్ భాగం తర్వాతి దశలో ఉంది. ఇంతవరకు బిగించి కొలిస్తే: 21 డిగ్రీల వద్ద 0.7, సున్నాకు దిగువన 17 వద్ద 0.9 కిలోలు. నిండుగా పోసిన 2.5 మి.లీ. ఏ అంకె ఇచ్చిందో 0.16 మి.లీ. కూడా అదే ఇచ్చింది. కాగితపు పరీక్ష మళ్లీ చేస్తే కాగితం బరువులో తేడా రాలేదు.

మాస్‌బర్గ్ 500 అనే మరో పంప్ షాట్‌గన్ ఉన్నవారు ఈ నూనె పటాన్ని యథాతథంగా తీసుకోకూడదు. దాని రిసీవర్ అల్యూమినియం, ట్రిగ్గర్ భాగం ఒకే పిన్నుతో ఉంటుంది, తూటాను పైకెత్తే భాగం ట్రిగ్గర్‌తో రాకుండా రిసీవర్‌లోనే ఉండిపోతుంది. మార్కర్ పరీక్ష చేసి సొంత పటం గీసుకోవాలి. అల్యూమినియం ఉన్న చోట గ్రాఫైట్ పొడి వాడవద్దు, తేమ చేరితే ఆ రెంటి మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఇప్పటివరకు ఖర్చు: 96 డాలర్లు. నూనె: 8 చుక్కలు.

దశ 7: పొడిగా ఉంచవలసినవి, దాదాపు పొడిగా ఉంచవలసినవి

ట్రిగ్గర్ భాగాన్ని నేను విడదీయలేదు, విడదీయవలసిన అవసరమూ సాధారణ సంరక్షణలో రాదు. సాల్వెంట్‌తో కడిగి, గాలి కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, హ్యామర్ ఇరుసుకు 1 చుక్క, తూటాను ఎత్తే క్యారియర్ ఇరుసుకు రెండు వైపులా ఒక్కో చుక్క పెట్టాను. (మొత్తం 11 చుక్కలు, 0.22 మి.లీ.) ఇక్కడ గ్రీజు పెట్టకూడదు. చలిలో హ్యామర్ వేగం తగ్గితే, ఫైరింగ్ పిన్‌ను ఎంత శుభ్రం చేసినా ప్రైమర్ మీద దెబ్బ బలహీనంగానే పడుతుంది.

మ్యాగజైన్ గొట్టం లోపల నూనె వద్దు. అక్కడ తూటాలు వరుసగా ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి, నూనె ప్రైమర్ల అంచుల దగ్గర చేరి లోపలికి ఇంకితే అవి పేలకపోవచ్చు. గొట్టం కొసన స్ప్రింగును ఆపే బిళ్లను తీసేటప్పుడు స్ప్రింగు ఎగిరి కంటికి తగలకుండా అరచేతిని అడ్డు పెట్టాలి. స్ప్రింగును నూనె గుడ్డతో తుడిచి, తర్వాత పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. బాతుల వంటి వలస పక్షుల వేటలో తుపాకీలో మొత్తం మూడు తూటాలకు మించకూడదన్నది ఫెడరల్ నియమం, కాబట్టి గొట్టంలో ఉన్న కర్ర అడ్డు మళ్లీ పెట్టారో లేదో మూత బిగించే ముందు చూసుకోవాలి.

బ్యారెల్ మూతిలో బిగించే చోక్ గొట్టం మరలకు మాత్రం మందపాటి యాంటీ-సీజ్ (మరలు పట్టేయకుండా చేసే) పేస్టు సరైనది. పేలుడు వేడికీ మసికీ మామూలు నూనె అక్కడ నిలవదు, పట్టేసిన చోక్‌ను తీయడం బ్యారెల్‌కే ప్రమాదం. మ్యాగజైన్ మూత మరలకు దశ 6 నాటి గ్రీజే కొద్దిగా.

ఇప్పటివరకు ఖర్చు: 101 డాలర్లు.

దశ 8: మైదానంలో, జమ్ములో

ట్రాప్ ఆటలో ఒక రౌండుకు 25 తూటాలు. నాలుగు రౌండ్లు, అంటే 100 తూటాల తర్వాత గది వేడిమిలో కొలత 0.9 కిలోలు. విప్పి చూస్తే బోల్ట్ ముఖం దగ్గర నూనె, మసి కలిసి నల్లటి పేస్టు. దాన్ని తుడిచి, దశ 6 జాబితాలోని 2, 4 అంకెల చోట్ల మాత్రమే నూనె మార్చితే 0.7కు తిరిగి వచ్చింది. కాబట్టి నా లెక్క ఇది: 100 తూటాలకు ఒకసారి బోల్ట్, గాడులు తుడిచి నూనె మార్చడం, సీజను చివర ట్రిగ్గర్ భాగంతో సహా పూర్తి శుభ్రం.

చలిలోంచి ఇంట్లోకి తెచ్చిన తుపాకీకి చెమట పడుతుంది. వెచ్చటి గాలిలోని తేమ చల్లటి ఉక్కు మీద నీటి బిందువులై, పలుచటి నూనె పొర కిందికి కూడా చొరబడుతుంది. తలుపు దాటే ముందే, ఆరుబయటే ఖాళీ చేసి సంచిలో పెట్టి జిప్ వేయాలి. ఇంట్లో సంచితోనే నెమ్మదిగా గది వేడిమికి రానిచ్చి, ఆ తర్వాత తీసి తుడవాలి.

ఫెజెంట్ వేట నూనె పటాన్ని మార్చింది. శీతకాలంలో ఈ పక్షులు బురద నేలల్లోని జమ్ములో దాక్కుంటాయి, మనిషి నడిస్తే జమ్ము కంకులు పగిలి దూదిలాంటి నూగు గాలి నిండా లేస్తుంది. వేట ముగిశాక ఫోరెండ్ ముందుకు జరిపి చూస్తే యాక్షన్ బార్ల మీద బయటికి కనబడే భాగమంతా ఆ నూగు నూనెకు అంటుకుని, బూడిదరంగు వెంట్రుకలలా రిసీవర్ అంచు దాకా వరుసగా పేరుకుంది. లోపలికి ఇంకా వెళ్లలేదు, మరికొంతసేపు నడిపి ఉంటే వెళ్లేది.

మార్చింది: దశ 6 జాబితాలో 1వ అంకె కింద యాక్షన్ బార్లకు పెట్టే 2 చుక్కలు తీసేశాను. బార్ల బయటి ముఖాలను నూనె గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవడం మాత్రమే. రాపిడి చార వెనుక భాగంలోనే ఉంది, ఆ భాగానికి గాడుల్లోని నూనె చాలు.

మార్చిన తర్వాత: 21 డిగ్రీల వద్ద 0.8, సున్నాకు దిగువన 17 వద్ద 1.0 కిలో. పది శాతం పైన నష్టపోయాను, కానీ నూగు అంటని బార్ల కోసం ఆ నష్టం ఒప్పుకోదగినదే. హ్యూస్టన్ వంటి తేమ ఎక్కువైన చోట ఉండేవారికి లెక్క వేరు: అక్కడ చలి గ్రీజు గొడవ ఉండదు, బయటి ఉక్కుకు తుప్పు రాకుండా కాపాడటమే పెద్ద పని, కాబట్టి బార్ల మీద ఆ చుక్కలు ఉంచుకోవడమే మేలు.

ప్రస్తుత లెక్క: 9 చుక్కలు, 0.18 మి.లీ. నూనె, లాకింగ్ బ్లాక్‌కు బియ్యపు గింజంత 0 గ్రేడు గ్రీజు. ఖర్చు 101 డాలర్లు. తుపాకీ అల్మరాలో బ్యారెల్ మూతి కిందికి ఉండేలా, అడుగున మడిచిన గుడ్డ వేసి నిలబెట్టి ఉంది.